అటో బాణం, ఇటో బాణం

ఆయనకు కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది గానీ అది కాగితాల మీద తప్ప ఎక్కడా వాడకంలో లేదు. ఆఫీసులో అందరూ అలాగేగారు అనే పిలుస్తారు. ఎవరేం అడిగినా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట, చాలాసార్లు చివరి మాట కూడా, "అలాగేనండి". ఫ్యాన్ వేయమన్నవాడికీ అలాగే, చలేస్తోంది ఆపమన్నవాడికీ అలాగే. వాళ్లిద్దరి మధ్య ఆయన స్విచ్చికీ కుర్చీకీ తిరుగుతుంటే కొత్తగా చేరినవాళ్లు డాక్టరు నడవమన్నాడేమో అనుకునేవారు.

వెక్కిరించే ఆ నోళ్లే ఆయన అటు తిరగ్గానే "మంచి మనిషి, పాపం" అనేవి. 'పాపం' ఆయన చెవిన పడేది కాదు. 'మంచి మనిషి' మాత్రం మూడు గదుల అవతల అన్నా వినపడేది. తిండి మీద, బట్ట మీద, కుర్చీ మీద ఆయనకు ఆశ లేదు. నలుగురూ మంచివాడనాలి, అంతే. నలుగురిలో ఒకడు ముఖం ముడుచుకున్నా ఆ పూట ఆయనకు ముద్ద దిగదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకొక సామెత ఉంది. పెద్దల ముందు చెప్పేది కాదు కాబట్టి వదిలేద్దాం.

ఆయన పనిచేసే చోటు మందుల షాపు పైన రెండో అంతస్తు. మెట్లెక్కుతుంటే కింది నుంచి దగ్గు మందు వాసన వెంట వస్తుంది. అక్కడ వాళ్లకీ వీళ్లకీ వెబ్‌సైట్లు తయారుచేస్తారు. అందులో ఈయన భాగం స్లైడర్. వెబ్‌సైట్ తెరవగానే పైన ఒక పెద్ద బొమ్మ కనిపిస్తుందే, కాసేపటికి అది పక్కకు జరిగి ఇంకో బొమ్మ వస్తుందే, అదే. బొమ్మకు అటొక బాణం, ఇటొక బాణం ఉంటాయి. కింద వరసగా చుక్కలుంటాయి. బాణం నొక్కితే తర్వాతి బొమ్మ, చుక్క నొక్కితే ఆ చుక్క తాలూకు బొమ్మ. బాణం ఎంత ఉండాలి, ఏ రంగులో ఉండాలి, వేలు పెడితే మెరవాలా వద్దా, బొమ్మ తనంతట తాను జరగాలా, నొక్కితేనే జరగాలా, ఇదంతా ఆయన చేతిలో పని.

చెయ్యి తిరిగినవాడే, ఆ మాట కాదనకూడదు. చేరిన కొత్తలో ఆయన పెట్టిన బాణం ముసలివాళ్ల బొటనవేలికి కూడా తప్పకుండా తగిలేది. బొమ్మ మీది అక్షరాలు నిదానంగా చదివేవాడు చదవడం పూర్తయ్యేదాకా బొమ్మ కదిలేది కాదు. అప్పట్లో ఆయనకు "ఇలా అయితే బాగుండదండీ" అనే అలవాటు కూడా కొద్దిగా ఉండేదట. ఆ మాట అన్నప్పుడల్లా ఎదుటివాడి కనుబొమలు పైకి లేచేవి. ఆ కనుబొమలకు భయపడి మెల్లగా ఆ మాట మానేశారు. మాట మానేశాక ఆలోచన కూడా ఎందుకని, కొన్నాళ్లకు అదీ మానేశారు.

ఇంట్లో ఆయన భార్య బట్టలు కుడుతుంది. బడి పిల్లల యూనిఫాంలు. కుట్టుమిషన్ వంటింటికీ స్నానాల గదికీ మధ్య నడవాలో ఉంటుంది. అటు వెళ్లేవాళ్లు, ఇటు వెళ్లేవాళ్లు ఆవిడ మోచెయ్యి తగలకుండా గోడకు అతుక్కుని వెళ్లాలి. గుడ్డ కత్తిరించడం మంచం మీద. రాత్రి పడుకుంటే దిండు మీద సుద్దగీతలు ఆయన చెంపకు అంటుకునేవి. పొద్దున్నే ఆఫీసులో "ఇవాళ ఎవరి కొలతలు తెచ్చారు?" అని అడిగేవారు.

ఆ ఇంటికి వీధివైపు తలుపున్న ముందు గది ఒకటుంది. అద్దెకున్నతను ఖాళీ చేశాక ఆవిడ కన్ను దాని మీద పడింది. ఒక బడివాళ్లు మొత్తం యూనిఫాంలు ఆవిడకే ఇస్తామన్నారు. అయితే ఒక షరతు పెట్టారు: పెద్ద బల్ల, ఇంకో మిషను, ఇద్దరు మనుషులు కూర్చునే చోటు ఉండాలి. బడి మేడమ్ సెలవులయ్యాక స్వయంగా వచ్చి చోటు చూసి వెళుతుంది. చోటు లేకపోతే పని వేరేవాళ్లకు పోతుంది.

"ముందు గది నాకిచ్చేయండి. ఇన్నేళ్లలో మిమ్మల్ని ఏదీ అడగలేదు," అంది ఆవిడ.

"అలాగే," అన్నారు ఆయన.

ఆ వారంలోనే అన్నగారు ఫోన్ చేశాడు. అన్నగారు ప్రతి ఏడాదీ ఒక కొత్త వ్యాపారం మొదలుపెట్టి, ఆ ఏడాదిలోనే దాన్ని పూర్తిచేసే మనిషి. ఈసారి మంచినీళ్ల ఫిల్టర్ల ఏజెన్సీ.

"ఒరేయ్, మీ ముందు గది ఖాళీయే కదా? సరుకు రాగానే నాలుగు రోజులు అక్కడ పెట్టుకుంటాను."

నాలుగు రోజులంటే అన్నగారి భాషలో ఎంతో ఆయనకు తెలియనిది కాదు. అంతకు ముందు వ్యాపారం తాలూకు గొడుగులు ఇంకా అటక మీదే ఉన్నాయి.

"అలాగే అన్నయ్యా," అన్నారు.

ఆవిడతో అన్నగారి మాట చెప్పలేదు. అన్నగారితో ఆవిడ మాట చెప్పలేదు. రెండు పడవల మీద రెండు కాళ్లు పెట్టినవాడు సాధారణంగా నీళ్లవైపు చూసుకుంటాడు. ఈయన ఆకాశంవైపు చూశారు. ఏదో ఒకటి జరుగుతుందిలే, అన్నయ్య వ్యాపారం మొదలవకముందే మూతపడొచ్చులే అని మనసుకు నచ్చజెప్పుకున్నారు. ఈలోగా వడ్రంగి బల్ల తెచ్చి ముందు గదిలో వేశాడు. ఆవిడ రోజుకొకసారి వెళ్లి, దాని మీద పని లేకపోయినా, అరచేత్తో తుడిచి వచ్చేది.

సరిగ్గా అప్పుడే ఫర్నిచర్ షాపు పని ఆయన చేతికొచ్చింది.

ఆ షాపు పెట్టిన పెద్దాయన కొడుకులిద్దరికీ దాన్ని అప్పగించి, ఒక మూల పేము కుర్చీలో కూర్చుంటున్నాడు. కొడుకుల తలల్లో నలుపు వెతుక్కోవాలి. అయినా తండ్రి పిలుస్తాడు కాబట్టి ఊరందరికీ వాళ్లు పెద్దబ్బాయి, చిన్నబ్బాయి. ఒకే షాపులో రెండు బల్లలు వేసుకుని ఎదురెదురుగా కూర్చుంటారు గానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. మధ్యలో క్యాషియరు.

"క్యాషియర్ గారూ, బీరువాల లారీ వచ్చిందేమో ఆయన్ని అడగండి," అంటాడు పెద్దబ్బాయి. ఆయనంటే చెయ్యి చాస్తే అందే దూరంలో కూర్చున్న తమ్ముడు.

"వచ్చిందని చెప్పండి," అంటాడు తమ్ముడు. క్యాషియరు చెబుతాడు. అందుకే అతని జీతం అనుకోవాలి.

గొడవ దేని మీద మొదలైందో ఇద్దరికీ సరిగా గుర్తులేదు. ఇప్పుడు మాత్రం అది మంచాలకూ సోఫాలకూ మధ్య ఉంది. మంచాలూ బీరువాలూ పెద్దబ్బాయివి. సోఫాలు చిన్నబ్బాయివి. వెబ్‌సైట్ తెరవగానే ముందు ఏది కనపడాలి?

పెద్దబ్బాయి అలాగేగారిని తన బల్ల దగ్గరికి పిలిచి కూర్చోబెట్టాడు. "మంచం ముందుండాలి. బొమ్మ దానంతటది కదలకూడదు. చూసేవాడు తృప్తిగా చూడాలి, వాడే నొక్కాలి. బాణాలు మాత్రం బంగారు రంగులో, ఇంతంత ఉండాలి," అని అరచెయ్యి చూపించాడు.

"అలాగేనండి."

చిన్నబ్బాయి వాకిలి దాకా వెంట వచ్చి చెవిలో చెప్పాడు. "బాణాలేంటండీ, మా తాతల కాలంలాగా! అసలు బాణమే కనపడకూడదు. కింద సన్నగా చుక్కలు చాలు. బొమ్మలు చకచకా పోతుండాలి. సోఫా ముందు."

"అలాగేనండి."

ఆయన ఆఫీసుకొచ్చి రెండు రకాలుగా చేసి, చూడ్డానికి ఎవరి లింకు వాళ్లకు పంపారు. ఇద్దరూ "భలే ఉంది" అన్నారు. ఇంతవరకూ బాగానే ఉంది. ఇక లోకానికి ఒకటే చూపించాలి. ఆ ఒకటి ఏదో ఇద్దరిచేతా ఖాయం చేయించమని మేనేజరు చెప్పాడు. ఖాయం చేయించడమంటే ఒకరికి కాదని చెప్పడం. ఆయన ఫోను చేతిలోకి తీసుకున్నారు, పెట్టేశారు. మంచినీళ్లు తాగి వచ్చారు. మళ్లీ తీసుకున్నారు, మళ్లీ పెట్టేశారు. అప్పుడు ఆయన తలలో ఒక ఉపాయం మెరిసింది. అది మెరవకపోతే ఈ కథ ఇంతటితో అయిపోయేది.

పాము చావకూడదు, కర్ర విరగకూడదు. పంపిన లింకుతో ఒకసారి తెరిచిన ఫోన్‌ను సైటు గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత ఎప్పుడు తెరిచినా పెద్దబ్బాయి ఫోన్‌లో మంచం, బంగారు బాణాలు. చిన్నబ్బాయి ఫోన్‌లో సోఫా, చుక్కలు. మరి లోకానికి? లోకం ఫోన్ చేసి ఏదీ అడగలేదు కాబట్టి లోకానికి ఒకసారి అదీ, ఒకసారి ఇదీ. నిజానికి లోకానికి ఆ బాణాలతో పనే లేదు. ఆ సైటుకు వచ్చేవాళ్లు షాపు ఫోన్ నంబరు చూసుకుని వెళ్లిపోతారు. బంగారు బాణాన్ని నొక్కిన వేలు పెద్దబ్బాయిది ఒక్కటే.

ఉపాయం పారింది. పెద్దబ్బాయి తన ఫోన్‌లో మంచం చూసుకుని మురిసిపోయాడు. అంటే తమ్ముడు తగ్గాడన్నమాట! ఎంతైనా చిన్నవాడు, రక్తం ఎక్కడికి పోతుంది? "క్యాషియర్ గారూ, ఆయన టీ తాగుతారేమో అడగండి," అన్నాడు. అవతల చిన్నబ్బాయి సోఫా చూసుకుని కరిగిపోయి ఉన్నాడు. పెద్దవాడయ్యుండీ అన్నయ్య పంతం వదిలేశాడు, మనం ఒక మెట్టు దిగితే ఏం పోయింది? "తాగుతానని చెప్పండి. ఆయన్ని చక్కెర తగ్గించమన్నానని కూడా చెప్పండి," అన్నాడు. చక్కెర మాట వినగానే పెద్దబ్బాయికి కళ్లు చెమర్చాయి. ఇంకో వారానికి క్యాషియరు మధ్యలో లేకుండానే మాట్లాడుకున్నారు. సైటులో ఎవరి బొమ్మ ముందుందన్న ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. తగ్గినవాణ్ణి ఎత్తిపొడవకూడదు కదా. అంత మర్యాదస్తులు!

అలాగేగారిని పిలిపించి అన్నిటికన్నా మెత్తటి సోఫాలో కూర్చోబెట్టారు. పెద్దబ్బాయి ఆయన చెయ్యి పట్టుకుని, "నీలాంటి మంచివాణ్ణి నేను చూడలేదయ్యా," అన్నాడు. చిన్నబ్బాయి అవునవునన్నాడు. ఆ సాయంత్రం ఆయన బస్సెక్కకుండా నడుచుకుంటూ ఇంటికొచ్చారు. కాళ్లు నేల మీద ఆనలేదు మరి. పెద్దమనుషులు కూర్చుని తెంపలేని తగువు తాను తెంపాడు. అదీ ఎవరి మనసూ నొప్పించకుండా! అందరూ తనలాగే ఉంటే లోకంలో పోట్లాటలే ఉండవనిపించింది.

ఆ హుషారులో ముందు గది సంగతి కూడా తేలికగా తోచింది. గదికి అడ్డంగా ఒక తెర కడితే సరి. తెరకు ఇవతల ఆవిడ బల్ల, అవతల అన్నయ్య పెట్టెలు. ఆవిడ ఉన్నప్పుడు తెర ఇటు లాగొచ్చు, అన్నయ్య వచ్చినప్పుడు అటు లాగొచ్చు. ఎవరికి కావలసింది వాళ్లకు కనపడుతుంది. తెర గుడ్డ కొలత ఎంతో కూడా మనసులో వేసుకున్నారు. ఈ మాట ఆవిడతో అనలేదనుకోండి. అనేంత ధైర్యముంటే తెర దేనికి?

"అన్నగారు మొన్న ఫోన్ చేశారుగా, ఏంటి విశేషం?" అని ఆవిడ అడిగింది ఒకరోజు, బాబిన్‌కు దారం చుడుతూ.

"ఏముంది, ఊరికే. ఫిల్టర్లు అమ్ముతున్నాడట."

"మనింటికి పంపిస్తాననలేదు కదా?"

"ఛ ఛ," అన్నారు ఆయన. ఆవిడ కాసేపు ఆయన ముఖం చూసి, మళ్లీ దారం చుట్టుకుంది.

ఫర్నిచర్ షాపువాళ్లు పైన కొత్త అంతస్తు వేశారు. దాన్ని తెరిచే రోజున గుమ్మం దగ్గర గోడంత టీవీ పెట్టి, అందులో తమ సైటు చూపించాలని అన్నదమ్ములిద్దరూ కలిసి అనుకున్నారు. ఇప్పుడు అన్నీ కలిసే అనుకుంటున్నారు మరి. అలాగేగారిని కూడా రమ్మన్నారు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లారు. టీవీ సంగతి ఆయనకు గుమ్మంలోకి వెళ్లేదాకా తెలియదు. టీవీ పెద్దబ్బాయి ఫోనూ కాదు, చిన్నబ్బాయి ఫోనూ కాదు. దానికి ఎవరూ గుర్తులేరు.

"అప్పుడే వద్దండీ, నేనొకసారి సరిచూసి..." అని గొణిగారు గానీ జనం గోలలో ఎవరికీ వినపడలేదు. పెద్దబ్బాయి రిమోటు నొక్కాడు.

గోడ మీద సోఫా పడింది. వెనకే ఇంకో సోఫా, ఇంకో సోఫా, చకచకా. కింద చుక్కలు. బాణం అన్నది లేదు.

"ఇదేంట్రా?" అన్నాడు పెద్దబ్బాయి.

"ఏమైందన్నయ్యా? మన సైటేగా, రోజూ ఉన్నట్టే ఉంది," అన్నాడు చిన్నబ్బాయి.

"రోజూ ఎక్కడుందిరా ఇలా?" అని పెద్దబ్బాయి తన ఫోన్ తీసి చూపించాడు. మంచం, బంగారు బాణాలు. చిన్నబ్బాయి తన ఫోన్ తీశాడు. సోఫా, చుక్కలు. ఎవరో టీవీ ఆపి మళ్లీ వేశారు. ఈసారి మంచం వచ్చింది, అరచేతులంత బాణాలతో. ఫ్రిజ్ స్టాండ్ కొనడానికి వచ్చిన ఒకావిడ గట్టిగా నవ్వింది. అన్నదమ్ములు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తగ్గింది వాడు కాదన్నమాట. ఆయనా కాదన్నమాట. అప్పుడిద్దరూ కలిసి అలాగేగారివైపు తిరిగారు. ఆయన అద్దాల బీరువా పక్కన నిలబడి ఉన్నారు. దాక్కోవడానికి అంతకన్నా పనికిరాని చోటు ఆ షాపులో ఇంకోటి లేదు.

"మీరిద్దరూ చెప్పినట్టే చేశానండి," అన్నారు, ఎవరి ముఖమూ చూడకుండా.

అన్నదమ్ములు నోరు తెరవబోతుంటే మూల నుంచి పెద్దాయన చెయ్యెత్తాడు. పేము కుర్చీలోంచి మెల్లగా లేచి వచ్చి టీవీ ముందు నిలబడ్డాడు. మంచం చూశాడు. సోఫా వేయించుకుని చూశాడు.

"వీళ్ల మాట అలా ఉంచు. పని చేసింది నువ్వు. ఈ రెంటిలో ఏది బాగుంది నాయనా?"

"రెండూ బాగానే ఉన్నాయండి."

"అదెలా? ఇందులో బాణం మంచం కోళ్లను కప్పేసింది. అందులో చుక్క నా కంటికి ఆనడం లేదు. సరే, అది నా మాట. నీకేది నచ్చింది?"

అలాగేగారు లోపలికి చూసుకున్నారు. బాణం కోళ్లను కప్పేస్తుందని మొదటి రోజే ఆయనకు తెలుసు. చుక్క ఎవరి వేలికీ అందదనీ తెలుసు. తెలిసిన ఆ ముక్క గొంతు దాకా వచ్చింది కూడా. అది పైకి అంటే పెద్దబ్బాయికీ కోపం వస్తుంది, చిన్నబ్బాయికీ కోపం వస్తుంది. ఇప్పటికే ఇద్దరికీ కోపం వచ్చి ఉందన్న సంగతి ఆయనకు తట్టలేదు.

"నాకంటూ ఏం లేదండీ," అన్నారు.

పెద్దాయన ఆయన్ని జాలిగా చూశాడు. "మరి నువ్వెందుకు నాయనా మధ్యలో? వీళ్ల గోల వీళ్లే పడేవాళ్లు కదా," అని వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు.

ఆ మాట సూటిగా తగిలింది. దాని తర్వాత అన్నదమ్ములు తిట్టిన తిట్లు అంతగా తగల్లేదు. వాళ్లు మాత్రం వంతులవారీగా, ఒకరు ఆపిన చోట ఇంకొకరు అందుకుని, ఎంతో కలివిడిగా తిట్టారు. తర్వాత ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని, ఒకే ఫోన్‌కు రెండు చెవులు ఆనించి మేనేజరుతో మాట్లాడారు. వాళ్లు విడిపోతారని ఆయన భయపడ్డారు గానీ, ఆ భయం అనవసరం. తిట్టడానికి మనిషి దొరికితే అన్నదమ్ములు ఎన్నాళ్లైనా కలిసి ఉంటారు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. 'నాకంటూ ఏం లేదండీ' అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. నలభై దాటిన మనిషి పదిమందిలో నిలబడి అనాల్సిన మాటేనా అది? అప్పుడు ముందు గది గుర్తొచ్చింది. అన్నయ్య సరుకు ఏ రోజైనా రావచ్చు. బడి మేడమ్ రేపు వస్తుంది. ఇవాళ ఇంటికి వెళ్లగానే అన్నయ్యకు ఫోన్ చేసి తేల్చి చెప్పేయాలి. తెరా లేదు, గిరా లేదు. "కుదరదన్నయ్యా" అని పెదాలు కదిలించి చూశారు. బాగానే ఉంది. కొంచెం గొంతు పెంచి అన్నారు. ఇంకా బాగుంది. మూడోసారి గట్టిగా "కుదరదు!" అన్నారు. సరిగ్గా అప్పుడే పక్కన సంచులతో నిలబడ్డ ఒకాయన "కొంచెం జరుగుతారా?" అని అడుగుతున్నాడు. సంచులాయన బిత్తరపోయి చూశాడు. అలాగేగారు గబుక్కున లేచి, "అయ్యో, మిమ్మల్ని కాదండీ, కూర్చోండి, మొత్తం మీరే కూర్చోండి," అని సీటు ఇచ్చేసి ఇంటి దాకా నిలబడే వచ్చారు.

వీధి మలుపు తిరగ్గానే ఇంటి ముందు వ్యాన్ కనిపించింది. పెట్టెలు, ఒకదాని మీద ఒకటి. దించేవాళ్లిద్దరు వ్యాన్‌కు ఆనుకుని నిలబడ్డారు. ముందు గది గుమ్మంలో రెండు చేతులూ చెరో తలుపుకు ఆనించి ఆవిడ నిలబడి ఉంది. మెడలో కొలత టేపు.

"మీ అన్నయ్య పంపారట. మీరు ఒప్పుకున్నారట," అంది ఆవిడ. గొంతు పెద్దది చేయలేదు. "నేను నమ్మలేదు. మా ఆయన వద్దన్నారు, వెనక్కి తీసుకెళ్లండని చెప్పాను. డ్రైవరు మీ అన్నయ్యకు ఫోన్ చేశాడు."

అంటూండగానే ఆయన జేబులో ఫోన్ మోగింది. అన్నగారే. ఆవిడ ఆయన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, ఆశ ఉంది. పాపం ఆవిడ ఆయన పని ఎంత సులువు చేసిపెట్టిందో చూడండి. కాదనే కష్టమంతా తానే పడింది. ఆయన 'కుదరదు' అనక్కర్లేదు. బస్సులో నేర్చుకున్న పాఠం అప్పజెప్పక్కర్లేదు. అన్నగారు అడిగితే 'అవును' అంటే చాలు. పుట్టినప్పటి నుంచీ ఆయనకు బాగా వచ్చిన మాట అదే.

"ఏరా, నువ్వు వద్దన్నావటగా? నిజమేనా?" అన్నాడు అన్నగారు. ఆ గొంతు ఫోన్ దాటి వీధిలోకి కూడా వినపడుతోంది.

ఆయన నోరు తెరిచారు. అన్నగారి కనుబొమలు ఫోన్‌లో కనపడవు గానీ, ఆయనకు కనిపించాయి.

"అబ్బే, నేనెందుకంటానన్నయ్యా? నేనేమీ అనలేదు. ఆవిడే ఏదో..."

ఆ తర్వాత అన్నగారు ఏమన్నాడో ఆయనకు వినపడలేదు. ఆవిడ చేతులు రెండూ తలుపుల మీది నుంచి కిందికి జారాయి. అంతే. అరవలేదు, ఏడవలేదు. దించేవాళ్లవైపు తిరిగి, "లోపల పెట్టేయండి బాబూ. ముందు ఈ బల్ల బయటికి తీయాలి, ఒక చెయ్యి వేయండి," అంది. వాళ్లు చెరో పక్కా పట్టారు. బల్లకు ఒక మూల మనిషి తక్కువైతే అలాగేగారు వెళ్లి తానూ ఒక చెయ్యి వేశారు. సాయం చేయకుండా ఎలా ఉంటారు?

బల్లను వసారాలో నిలబెట్టాక ఆవిడ అంది: "ఇన్నేళ్లలో మీరు ఎవరికీ కాదనలేదనుకుంటున్నారు. నాకు కాదన్నారు. ప్రతిసారీ నాకే. ఒక్కసారైనా నా ముఖాన చెప్పుంటే పోట్లాడేదాన్ని. ఆ పోట్లాట కూడా నాకు దక్కనివ్వలేదు. దీన్ని మంచితనమని ఎవరైనా అంటే అననివ్వండి. నేను మాత్రం భయమంటాను."

నిజమేనని ఆయనకు తెలుసు.

బడి మేడమ్ మర్నాడు వచ్చింది. ఆవిడ మేడమ్‌కు ఉన్నదున్నట్టు చెప్పింది. మేడమ్ కాస్త ఆలోచించి, బడి వెనక పాత సైకిల్ షెడ్డు ఖాళీగా ఉంది, గోడలు కట్టించుకుని వాడుకోమంది. ఆవిడ తన చేతి గాజులు అమ్మి గోడలు కట్టించింది. ఆయన్ని అడగలేదు. అడిగితే ఏమంటారో ఆవిడకు తెలుసు, అన్నాక ఏం జరుగుతుందో కూడా తెలుసు. బల్లా మిషనూ అక్కడికే వెళ్లాయి. ఇప్పుడక్కడ ముగ్గురు కూర్చుని కుడుతున్నారు. ఆవిడ పొద్దున వంట చేసి, పెట్టి, వెళ్లిపోతుంది. చీకటి పడే వేళకు వస్తుంది. మాటలు లేకుండా పోలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే సరిపోయిందనుకుంటారు. అంతవరకే.

ఆఫీసులో ఆయన ఉద్యోగం పోలేదు. అంత మంచివాణ్ణి ఎలా తీసేస్తారు? బాణాల పని మాత్రం వేరేవాళ్లకు ఇచ్చారు. ఆయన ఇప్పుడు సైట్ల అడుగున ఉండే చిరునామాలు సరిచూస్తారు. అందులో ఇది నచ్చింది, అది నచ్చలేదు అనేవారెవరూ ఉండరు.

అన్నగారి ఫిల్టర్ల వ్యాపారం మూతపడే దారిలోనే ఉంది గానీ ఇంకా పడలేదు. ముందు గదిలో పెట్టెలు పైకప్పు దాకా ఉన్నాయి. వారానికొకసారి అన్నగారు ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని వస్తాడు. మొన్న కూడా ఒకాయన్ని తీసుకొచ్చాడు; ఇద్దరూ రెండు పెట్టెలు దించి వాటి మీద కూర్చున్నారు. అలాగేగారు టీ పెట్టి తెచ్చారు. అన్నగారు గ్లాసు అందుకుని, తమ్ముడి భుజం తట్టి, వచ్చినాయనతో పొంగిపోతూ అన్నాడు.

"మా తమ్ముడంత మంచివాడు భూమ్మీద ఇంకోడుండడండీ. ఇంత గది, నోరు తెరిచి అడగ్గానే ఇచ్చేశాడు. ఇంట్లో ఆవిడ వద్దన్నా వినలేదు."

అలాగేగారు అలవాటు కొద్దీ నడవావైపు తిరిగి చూశారు, ఆ మాట ఆవిడ విన్నదా అని. ఇంట్లో ఎవరూ లేరు.